లకుముకి లెక్క

ఎస్పీ రోడ్డులో నయాజ్ అంగడి
నా ఆటో అంత వెడల్పు కూడా లేదు.
గాజుపెట్టెలో పన్నెండు కెమెరాలు
కడిగి ఆరబెట్టిన చేపల మాదిరి
వరసగా, అన్నీ ఒకే పక్కకు చూస్తా.

"ఇది ఇరవై మెగాపిక్సెల్, ఓబక్కా" అనె.
ఇరవై అంటే ఎంత బరువో అడగలేదు.
ఖాకీ కోటు విప్పి బల్ల మీద పరిస్తి.
ఎడమ జేబు.
లైసెన్సు, చిల్లర, వక్కాకు సంచి పోగా
మిగిలిన చోటు ఇంత.
దాంట్లో దూరాల. వంగితే జారకూడదు.
చక్రం గుంతలో పడితే పక్కటెముకకు పొడవకూడదు.
అయిదు అక్కడే ఆగిపాయ.

"ఫోను ఉండాది కదక్కా" అని పనిపిల్లోడు మంజ నవ్వె.
ఉండాది. నా చేతిలో ఉంటాది, నాది కాదబ్బీ.
జక్కూరు చెరువు గట్టున
లకుముకి పిట్ట వైపు దాన్ని ఎత్తినప్పుడల్లా
ఎవరో ఒకరు హెబ్బాళ పోవాలంటారు.
అది మోగతాది, పిట్ట పోతాది.
వానలో తడి వేలు పెడితే నన్ను గుర్తుపట్టదు.
ఎండలో తెర మీద నా మొహమే చూపిస్తాది,
ఆ మొహం నేను చూసిందే.

అందుకే, ఎండలోకి తెచ్చి చూపీ అంటి.
నయాజ్‌కు ఇష్టం లేదు.
ట్యూబులైటు కింద అన్నీ బాగానే మెరుస్తాయి,
బట్టలంగట్లో చీరల మాదిరి.
వీధిలో పెడితే నాలుగు తెరలు నల్లగా మునిగిపాయ.
మూడు మిగిలె.

ఒకటి నీళ్లలో పడినా బతుకుతాదంట.
నేను నీళ్లలో పడితే
నన్ను తీసేదానికి ఎవరైనా రావాల గానీ
నా ఫొటో తీసేదానికి కాదు.
పైగా దాని ధర వింటే
ఆటో గ్యాసు గుర్తుకొచ్చె.

కడమ రెంటికీ పరీక్ష పెడితి.
"మంజా, రూపాయి ఎగరెయ్.
నువ్వు వదిలినాకే నేను ఆన్ చేస్తా.
అది మేలుకోవాల,
రూపాయి నేలకు తగలక ముందే పట్టాల."

మొదటిది నిద్రమత్తుది.
తాబేలు మాదిరి ముక్కు నిదానంగా బయటపెట్టి,
అటూ ఇటూ ఆలోచించి,
మంజ చెప్పుల్ని తీసె.
చెప్పులు మాత్రం బలే స్పష్టంగా వచ్చె.
ఎడమదానికి ఉంగటం తెగి పిన్నీసు పెట్టినాడు,
అదిగూడా తెలుస్తాండె.

రెండోది పాతది. ఒక మూల సొట్ట.
వెండిరంగు రాలిన చోట
ఎవరిదో బొటనవేలు చాన్నాళ్లు ఆని ఉండిన గుర్తు.
నా బొటనవేలూ అక్కడికే పోయె.
తడిచేత్తో, గ్రీజు చేత్తో నొక్కినా పలికే బటన్లు,
బీడీ అంగట్లో కూడా దొరికే పెన్సిల్ సెల్లులు.
టక్.

మంజ నోరు తెరుచుకోని.
పైన గజిబిజిగా కరెంటు తీగలు.
తీగలకూ నోటికీ నడుమ
బొమ్మా బొరుసా తేలని రూపాయి,
సన్నంగా, నిలువుగా, ఒక గీత.

అసలు రూపాయి మోరీలో పడె.

"దీంట్లో ఎనిమిది మెగాపిక్సెలే అక్కా..."
ఎనిమిది చాలు నయాజ్.
ఈకలు లెక్కపెట్టి ఎవరికి అప్పజెప్పాల?
వచ్చిపోయిందని నాకొక సాక్ష్యం కావాల, అంతే.
రెండువేల రెన్నూరుకు ఇచ్చె.
మోరీలో పోయిన రూపాయిని
నా లెక్కలోనే రాసుకొనె.

మర్నాడు ఆరుంబావు. చెరువు మీద పొగమంచు.
తాడు మణికట్టుకు చుట్టుకోని నిలబడితి.
నీలంగా ఏదో జారె.
టక్.

బొమ్మలో పిట్ట లేదు.
తుంగపోచ ఒకటి ఉండాది, వంగి,
పిట్ట కూర్చున్న బరువు ఇంకా మరిచిపోనట్టు.
కొసన నీటిబొట్టు ఇంకా రాలలేదు.

నిన్నటిదాకా నేను
హెబ్బాళ అంత దూరం ఆలస్యం.
ఈపొద్దు ఒక బొట్టు రాలేంత కూడా కాదు.

ఫోను మోగె. యలహంక అంట.
కెమెరాను ఎడమ జేబులో వేసి,
జారతాదా అని ఒకసారి వంగి చూసుకోని,
బండి తీస్తి.