ఎన్ని డబ్బాలు

పున్నమి ఘాట్‌కి పోయే దారంతా బస్సులు.
దిగినవాళ్ళు దిగినట్టే ఫోన్లెత్తి
కొండని ఫోటో తీస్తున్నారు.
మొక్కజొన్న పొత్తుల పొగలోంచి నడిచాం మేం
తొమ్మిదిమందిమి,
అందులో మూడు గుండ్లు:
మోక్షిత్‌ది, వాళ్ళ నాన్నది, మా అత్తయ్యది.
గంధం ఇంకా ఆరలేదు.

ఇటలీ హోటలు మోక్షిత్ కోరిక.
జుట్టు ఇచ్చినందుకు లంచం.
తలుపు తియ్యగానే ఏసీ గాలి తగిలి
మూడు తలలూ ఒక్కసారే ఉలిక్కిపడ్డాయి.

"విడి ప్లేట్లు ఉండవండీ ఇక్కడ.
పెద్ద పళ్ళెం మధ్యలో పెడతాం,
అందరూ అందులోంచే తీసుకోవాలి. ఫ్యామిలీ స్టైల్."
రాయగడ కుర్రాడు,
తనకొచ్చిన తెలుగంతా కూడగట్టుకుని చెప్పాడు.

బావగారు నీళ్ళ గ్లాసు కేసి చూశారు.
మా ఆయన మెనూలో ధరల కేసి.
హైమక్కా నేనూ చూపులు కలవకుండా
చెరో పిల్లనీ ఒళ్ళోకి లాక్కున్నాం.

ఆరేళ్ళయింది పొయ్యిలు రెండై.
ఒకే వాకిలి, ఒకే కుళాయి,
మధ్యన సిమెంటు పుయ్యని ఇటుక గోడ.
తిరగమోత వాసనని బట్టి
వాళ్ళింట్లో ఇవాళ ఏం పప్పో చెప్పగలను.
ఏం మాటో చెప్పలేను.

బల్ల మీద ఎర్రగళ్ళ గుడ్డ.
అత్తయ్య వేలు ఆ గళ్ళ వెంట
మెల్లగా నడుస్తోంది.
మామయ్య లుంగీ అచ్చం ఇదే నేత.
ఎవరమూ అనలేదు.
"ఇందులో గుడ్డు కలుస్తుందా బాబూ?"
అని మాత్రం మూడుసార్లు అడిగింది.

వచ్చింది పళ్ళెం, బండి చక్రమంత.
పక్కనే ఇంకోటి,
పూతరేకుల్లా పొరలు పొరలుగా ఏదో,
పొరకో పొగ.
ఎవరి చెయ్యీ లేవలేదు.
పెద్దవాళ్ళు ముందనీ, చిన్నవాళ్ళు ముందనీ,
అసలు మీరు ముందనీ.

మోక్షిత్‌కి ఇవేమీ పట్టవు.
ముక్క లాగాడు.
చీజు తీగ సాగింది, సాగింది,
గ్లాసుల మీదుగా, బాబాయి చొక్కా చేతి మీదుగా,
తెగదే!
మా ఆయన ఫోర్కుకి చుట్టి తెంపి
చుట్టింది తన నోట్లోనే వేసుకున్నాడు.

అప్పుడు బావగారు మిరప పొట్లం చింపారు.
ఒకటి, రెండు, ఐదు.
అరచేతిలో పోసుకుని దీపం కింద పెట్టి,
వేలితో కదిపి, వాసన చూసి,
మిరప యార్డులో ముప్ఫై ఏళ్ళు కాటా రాసిన తండ్రి కొడుకు కదా,
"ఇది తాలు కాయరా" అన్నారు.

రా.

మా ఆయన నమలడం ఆపాడు.
వంగి, అన్న అరచేతిలోంచి చిటికెడు తీసుకుని
నాలుక మీద వేసుకుని
"గింజే ఎక్కువుంది. తొక్కేదీ?" అన్నాడు.
"రంగు కూడా చూడు."
"నిరుటి సరుకేమో. కోల్డ్ స్టోరేజీది."
అంతే.
ఇక ఆ మాటా ఈ మాటా ఏమీ లేదు.
మిరపకాయ గురించే ఇరవై నిమిషాలు.
హైమక్క నా పిల్ల మూతి తుడిచింది,
తన పిల్ల అనుకునేమో.

బిల్లు దగ్గర పెనుగులాట జరగలేదు.
సగం సగం. చిల్లరతో సహా.

"మిగిలింది కట్టమంటారా అండీ? ఎన్ని డబ్బాలు?"
మళ్ళీ గ్లాసు కేసి, మళ్ళీ ధరల కేసి.
పక్షం వాళ్ళింట, పక్షం మా ఇంట తినే అత్తయ్య
గుండు మీద కొంగు సర్దుకుంటూ
"ఒకటి చాలు" అంది.
ఎవరికో చెప్పలేదు.

బయట బ్యారేజీ దీపాలు నీళ్ళలో వణుకుతున్నాయి.
మా బండి హ్యాండిల్‌కి సంచి.
ఈ పక్షం మాది.

పొద్దున్నే దోసె పెనం మీద
ఆ రెండు ముక్కలూ పెట్టాను.
చీజు గట్టిపడి, మళ్ళీ కరిగి, అంచున చిటపట.
గోడ అవతల గిన్నెలు ఆగాయి.

"ఏదో మాడుతున్నట్టుంది, చూసుకో"
హైమక్క గొంతు.

చూసుకున్నాను.
మంట తగ్గించాను.