కాటా మీద సున్నా

పోర్టులో లారీలు తూచే ఉద్యోగం నాది.
బొగ్గు, మాంగనీసు, జిప్సం.
రోజంతా టన్నులు రాసి రాసి
ఇంటికొచ్చాక గ్రాముల లెక్క మొదలుపెట్టాను.

ముందు ఫ్రేము దొరికింది.
కంచరపాలెంలో పాతసామాన్ల కొట్లో,
ఫ్యాను రెక్కల వెనక, బూజు పట్టి.
చక్రాల్లేవు, హ్యాండిల్ లేదు, రంగు సగం లేదు.
గోరుతో కొడితే గంటలా మోగింది.
గొట్టాలు చివర్ల మందం, నడుమ పలచన,
అందుకే ఆ మోత అని తర్వాత తెలిసింది.
ఆరొందలు చెప్పాడు. నాలుగొందల యాభై ఇచ్చాను.

జీతం పడ్డ నెలకొక భాగం.
దసరాకి క్రాంకు, కార్తీకంలో బ్రేకులు.
డీరైలర్ పార్సిల్ తెచ్చిన కుర్రాడు
పెట్టెని చెవి దగ్గర ఊపి "వాచీయా?" అన్నాడు.
అలాంటిదే, అన్నాను.

వంటింటి గుమ్మానికి తాళ్లు కట్టి వేలాడదీశాను.
మా అత్త దానికింద ఒంగుని వెళ్లి
పప్పు డబ్బా తెచ్చుకునేది.
"ఎప్పటికి తెములుద్ది ఇది?"
అడగడం మానేసిన రోజున
గ్రీజు చేతులు కడుక్కోమని
గుప్పెడు సెనగపిండి తెచ్చి పోసింది.

కింది బ్రాకెట్టు దగ్గర ఆగిపోయాను.
కుడివైపు కప్పు ఎంత తిప్పినా దిగదు.
మూడు రాత్రులు. బొటనవేలి తోలు లేచిపోయింది.
నాలుగో రోజు అల్లిపురం మోసుకెళ్తే
గవిరయ్య నోట్లో బీడీ తీయకుండానే నవ్వాడు:
"ఓలమ్మో, అది ఎడం మర.
బిగిస్తన్నాననుకోని ఇప్పుతున్నావు నువ్వు."
ఇంకా ఎక్కడెక్కడ ఇలా చేశానో
తిరుగు బస్సులో కాసేపు లెక్కపెట్టుకున్నాను.

చక్రం సరిచెయ్యడం చెవుల పని.
ముప్పైరెండు పుల్లలు. మీటుకుంటూ పోతే
పదకొండోది మాత్రం బొంగురు.
పావు చుట్టు. మళ్లీ మీటు.
రాత్రి రెండింటికి రేవులో ఓడేదో కూత పెడితే
శ్రుతి ఇస్తోందనుకుని నాలో నేనే నవ్వుకున్నాను.

ఇక్కడి గాలి ఉప్పు.
దేన్నీ ఒకసారి బిగించి వదిలెయ్యలేం ఈ ఊళ్లో.
ప్రతి మరకీ గ్రీజు, ప్రతి కేబులు కొసకీ టోపీ.
అయినా సముద్రం ఏదో ఒకటి కొరుకుతూనే ఉంటుంది,
మనం తుడుస్తూనే ఉంటాం.

మాఘంలో, బీచి రోడ్డు మీద బళ్లు ఆపేసే తెల్లవారుజామున
మెట్లు దింపాను.
సబ్‌మెరైన్ దాటాక మొదటిసారి గేరు మారింది.
టక్. వెనకనుంచి ఎవరో సరేనన్నట్టు.
తెన్నేటి పార్కు ఎత్తుకి ఊపిరాడలేదు.
దిగుడులో బ్రేకు నొక్కబోతూ
దాన్ని బిగించింది నేనే కదా అని గుర్తొచ్చి
ఒళ్లు చల్లబడింది.
పట్టింది.
జోడుగుళ్లపాలెం దగ్గర వల సర్దుకునేవాళ్లు
తలెత్తి చూసి, మళ్లీ పనిలో పడ్డారు.

ఇంటికొచ్చాక చూస్తే
డబ్బా అడుగున ఒక వాషరు మిగిలుంది.
ఎక్కడిదో ఇప్పటికీ తెలీదు.

సోమవారం డ్యూటీకి దానిమీదే వెళ్లాను.
లారీలింకా రాలేదు. కాటా మీద నిలబెట్టి పక్కకొచ్చాను.
ఎర్ర అంకెల్లో సున్నా.
అరవై టన్నుల కాటా అది,
ఇరవై ఇరవై కిలోలుగా తప్ప లెక్కపెట్టలేదు.
నేనొక్కదాన్నీ ఎక్కితే అరవై.
సైకిలుతో ఎక్కితే, అప్పుడూ అరవై.
నైట్ డ్యూటీ దిగుతున్న సన్యాసిరావు
ఏమీ అడక్కుండా స్లిప్పు కొట్టి
కిటికీలోంచి చెయ్యి చాపాడు.
జేబులో పెట్టుకున్నాను, వాషరు పక్కన.