గంగాళమూ చెంబూ

గడియారం చూసి నువ్వు లెక్కపెట్టేది
దాని ఊపిరినే కదమ్మాయ్.
నిమిషానికి తొంభై అంటున్నావు.
రోహిణి కార్తె, మిట్టమధ్యాహ్నం,
పీకలవాగు కూడా ఆవిరి కక్కుతున్న వేళ
నన్ను లెక్కపెట్టినా అంతే వచ్చుద్ది.

దీని పేరు గంగాళం.
కాటా ఎక్కించాలంటే నలుగురు పట్టాలి,
నిరుడు మా తమ్ముడు అంకాలు కాలు నలిగింది.
దీనికి చెమట లేదు.
యార్డులో టిక్కీలు మోసే హమాలీకి చొక్కా తడుసుద్ది,
గాలి తగిలితే కాస్త ప్రాణం లేచొచ్చుద్ది.
దీనికి బురదే చెమట,
అరువు తెచ్చుకున్న చెమట.
రోడ్డున పోయేవాళ్ళు ముక్కు మూసుకుంటారు.
మూసుకోనీ.

పగలు తొట్టి వంకే చూడదు.
తిన్నదల్లా లోపల పొయ్యి అవుద్దని
దానికెవరు చెప్పారో!
అందుకే రాత్రి పదకొండు దాటాక,
హోటళ్ళ షట్టర్లు పడ్డాక,
మిగులు అన్నం, సాంబారు అడుగు, నాలుగు గుప్పిళ్ళ తవుడు.
చీకట్లో చప్పుడు చేస్తా తింటది.
నేను అక్కడే కూచుంటాను.

పుష్యమాసంలో రా ఓసారి, కోడి కూయకముందే.
గంగాళానికి దిగులుండదు,
కొవ్వు కప్పుకుని పడుకుంటది.
దాని పిల్లల్ని చూడు,
దోసకాయంత ఒళ్ళు,
ఒకదాని మీదికొకటి ఎక్కి ఒకటే వణుకు.
ఆ వణుకే వాటి కుంపటి.
తాగిన పాలన్నీ కుంపట్లోకే,
ఒంటికి గురిగింజెత్తు పట్టదు.
చెంబులో నీళ్ళు చప్పున చల్లారతాయి,
గంగాళంలోవి తెల్లారినా గోరువెచ్చనే.

నీ పుస్తకంలో ఏదో ముప్పాతిక లెక్కుందన్నావు,
బరువు రెట్టింపయితే ఆకలి రెట్టింపు కాదని.
మా అమ్మ నాంచారమ్మకి అంకెలు రావు.
తవుడు కొలిచేటప్పుడు
సగం బరువున్న దానికి సగం పోసి,
ఆగి,
ఇంకో గుప్పెడు వేసేది.
ఆ గుప్పెడే నీ లెక్క కాబోలు.

ఇంకోటి చెప్తాను, నవ్వకు.
మొన్నటి చలికి పిల్లల కింద
యార్డు నుంచి తెచ్చిన పాత గోతాలు పరిచాను.
ఎంత దులిపినా మిరప ఘాటు పోలా.
రాత్రంతా తుమ్ములు,
తొమ్మిది పిల్లలూ, వాటితోపాటు నేనూ.
తెల్లారి చూస్తే అన్నీ ఉన్నాయి.
వెచ్చదనానికి బతికాయో,
తుమ్మి తుమ్మి వేడెక్కి బతికాయో.

తుమ్ముకెంత ఖర్చవుద్దో
మీ కాలేజీలో ఎవరన్నా కొలిచారా, అమ్మాయ్?