వెయ్యి నాలుగు

క్లాక్స్‌విక్ రేవులో, చేపల వేలం ఆఫీసు పైన
నాకొక గది, ఒక ముసలి సర్వరు.
కిటికీకి ఉప్పు పేరుకుంది.
తుడవడం ఎప్పుడో మానేశాను.

పొద్దున ఆరింటికి రోయ్ ఫోను:
"ఫోటోలు పంపాను. పేజీలో కనబడటం లేదు."
నిజమే. ఎఫ్‌టీపీ దారిన వచ్చి చేరాయి,
చేరి, తలుపేసుకుని కూర్చున్నాయి.
ఆరు, సున్నా, సున్నా.
తెచ్చినవాడు తప్ప ఇంకెవరూ చూడకూడదట.
వెబ్ సర్వరు గడప దాకా వెళ్లి
నాలుగు వందల మూడు అని గొణిగి
వెనక్కొచ్చింది.

నాకు ముందు ఈ కుర్చీలో ఉన్నవాడైతే
కాఫీ చల్లారేలోపు కొట్టేసేవాడు:
ఏడు, ఏడు, ఏడు.
తాళం తిప్పడం రాక తలుపే పీకేసిన పని.
ఓ చలికాలం ఎవడో దూరి
హాలిబట్ ధర పక్కన
జూదం ప్రకటన అంటించి పోయాడు.

నేనొక గ్రూపు కట్టాను. పేరు, రేవు.
రోయ్, ధరలు చూసే తోరా, నేను.
మాకు రాసే చెయ్యి ఉంది.
వెబ్ సర్వరు బయటిదే, చూస్తుంది, ముట్టుకోదు.
ఫోల్డరు అంకెల ముందు ఒక రెండు తగిలించాను:
ఇకమీదట అందులో పుట్టే ఫైలు
తెచ్చినవాడి ఇంటిపేరు కాదు,
ఆ ఇంటి పేరే పెట్టుకుంటుంది.
ఉమాస్క్‌లో డెబ్భై ఏడు చెరిపి రెండు రాశాను.
"ఒకసారి బయటికెళ్లి మళ్లీ లోపలికి రా" అన్నాను రోయ్‌తో.
గ్రూపులో చేరిన సంగతి
మళ్లీ వచ్చినవాడికే తెలుస్తుంది.

అప్పుడు చూశాను పాత ఫోల్డరు.
పదకొండేళ్ల ఫోటోలు,
తుపానులో విరిగిన జెట్టీ, మంచు పట్టిన తాళ్లు,
అన్నిటి పక్కనా యజమాని: రోయ్.
రోయ్ మా దగ్గర చేరింది ఈ మార్చిలో.

అవి ట్రోందుర్ తీసినవి.
పోయిన శరత్తులో ఆయన పోయాడు.
నియమం ప్రకారం ఖాతా తీసేసింది నేనే.
పేరు పోయింది, ఫైళ్ల మీద
వెయ్యి నాలుగు అనే అంకె మిగిలింది.
కొత్త కుర్రాడొస్తే యంత్రం
వరసలో ఖాళీగా ఉన్న అంకె ఇచ్చింది.
దానికి తప్పు చేశానన్న ఊహ కూడా లేదు.

రోయ్ మెట్లెక్కి వచ్చి తెర చూశాడు.
"ఇవి నేను తీయలేదు."
"తెలుసు."
చేతి తొడుగు విప్పలేదు, చాలాసేపు నిలబడ్డాడు.

ట్రోందుర్‌కి మళ్లీ ఒక ఖాతా తెరిచాను.
పాస్‌వర్డు లేదు, షెల్ లేదు,
ఏ దారినా లోపలికి రాలేడు.
మార్చికి ముందువన్నీ ఏరి
ఒక్కొక్కటీ ఆయన పేరుకు మార్చాను.
పదహారు వేల చిల్లర. రెండు నిమిషాలు పట్టింది.

ఏడున్నరకి రోయ్ ఫోటో పేజీలోకి వచ్చింది.
కొంచెం వంకర.
కాడ్ అన్న మాటలో తప్పుంటే
కింద నుంచి తోరా దిద్దింది.