తాళంచెవి

పదహారు కిలోల ఇనుప దిమ్మె.
రెండు చేతులకు రెండు పిడులు.
దళంలో మేం దానికి పెట్టుకున్న పేరు తాళంచెవి.
మోసేది నేనే.
పుత్తూరు వడ్రంగి కొడుకుని కాబట్టి
తలుపు ఎక్కడ లొంగుతుందో నాకు తెలుసని
మా ఇన్‌స్పెక్టర్ నమ్మకం.

తెలుసు, నిజమే.
బందుల పక్కన కాదు, గడియకు జానెడు కింద.
నాయన అక్కడే కొంచెం ఎక్కువ చెక్క వదిలేవాడు,
"ఒంటి వేలికి తెరుచుకోవాల,
ఒంటి భుజానికి విరగకూడదు" అంటా.

కొర్లగుంట. తెల్లారుజాము మూడుంబావు.
ఘాట్ రోడ్డు దీపాలు కొండకు వేసిన కుట్లలాగా.
సందులో ఎడమ పక్క మూడో తలుపు
అన్నాడు ఇన్‌ఫార్మర్.
ఏ చివర నుంచి లెక్కపెట్టాలో అతను చెప్పలేదు,
మేమూ అడగలేదు.

ఒక్క దెబ్బ.
గడప మీది పసుపు నా బూటుకంటింది.
హెల్మెట్ లైట్ల వెలుగులో
చాప మీద లేచి కూర్చున్నాడొక మనిషి.
పడుకో! చేతులెత్తు!
ఏది ముందు చెయ్యాలో తెలీక
రెండూ సగం సగం చేసినాడు.

సంచి బోర్లిస్తే సగం బ్లేడ్లు, గిన్నె, పాత తువ్వాలు.
కల్యాణకట్టలో డ్యూటీ దిగి గంట కూడా కాలేదంట.
పేరు చెంగల్రాయుడు.
గచ్చుకు చెంప ఆనించుకునే మెల్లగా అన్నాడు,
"ఆ పక్క నుంచి లెక్కపెట్టండి సార్."

ఆ పక్క నుంచి మూడో తలుపుకు గడియే వేసి లేదు.
మంచం కింద గోధుమరంగు టేపు చుట్టిన పదకొండు పొట్లాలు,
గదంతా పచ్చి గంజాయి వాసన.
పంతొమ్మిదేళ్ల పిల్లోడు, కొత్త గుండు, చందనం ఆరనేలేదు.
యాత్రికుల్లో కలిసిపోయి
రేణిగుంటలో రైలెక్కాలని.
ఆ గుండు గీసింది ఎవరో
రాయడానికి పంచనామాలో కాలమ్ లేదు.
విరిగిన తలుపుకూ లేదు.

పేపర్లో ఫోటో పడింది: పొట్లాలు, ముసుగుల్లో మేము.
మా ఆవిడ నన్ను గుర్తుపట్టింది
భుజాన దిమ్మెను చూసి.

ఆదివారం నాయన ఉలి, రంపం తీసుకుని పోయినా.
యూనిఫాం లేదు కదా, ఆనవాలు పట్టడనుకున్నా.
చెంగల్రాయుడు నా భుజాల పక్క చూసినాడు,
ఏమీ అనకుండా
తలుపు అవతలి కొస పట్టుకున్నాడు.
మధ్యాహ్నం దాకా చెక్కపొట్టు తప్ప
మా నడుమ ఏమీ రాలలేదు.

గడియ కాడికి వచ్చేసరికి అడిగినా,
ఇనుపదా, ఇత్తడిదా?

"గడియ వద్దులే సార్.
తోస్తే వచ్చేటట్టు పెట్టండి."