గుమాస్తా చెవి

మా ఇంటిపేరులో సగం అక్షరాలు పలకవు.
రాసేటప్పుడు మాత్రం బారులు తీరి నిలబడతాయి,
పెళ్లిలో ఎవరి తరఫో తెలియని చుట్టాల్లా.
గేగన్ అంటాం.

పద్దెనిమిది వందల యాభై రెండు, జనవరి.
మంచుబండి దిగివచ్చిన జనగణన గుమాస్తా
వణికే చేత్తో, తన చెవికి ఎంత అందిందో అంతే రాశాడు:
గాగిన్.
తర్వాత వచ్చినవాడు: గీగన్.
నది అవతల, బాప్తిస్మాల పుస్తకంలో
ఫ్రెంచి ఫాదిరీ: గయాన్.
ఒకే పొయ్యి దగ్గర చలి కాచుకున్న మనుషులు
కాగితాల్లో మూడు కుటుంబాలై విడిపోయారు.

రెన్‌ఫ్రూ గ్రంథాలయం, నేలమాళిగ, గురువారం మధ్యాహ్నం.
మైక్రోఫిల్మ్ యంత్రం పిడి తిప్పుతుంటే
ఊళ్లకు ఊళ్లే కళ్ల ముందు జారిపోతాయి.
మూడో రీలుకి నాకు కడుపులో తిప్పింది.
ఓడలో ఆరువారాలు వాళ్లు పడ్డ వికారాన్ని
నన్నిలా కుర్చీలో కూర్చోబెట్టి చూపిస్తున్నారేమో
అని పక్కబల్ల విల్‌ఫ్రిడ్‌తో అంటే,
"భోజనం చేశావా?" అన్నాడు.
చెయ్యలేదు.

మలాకీ, నలభై, కూలీ. ఇల్లు: దుంగల గుడిసె.
హొనోరా, ముప్పై నాలుగు.
సబీనా. విన్‌ఫ్రెడ్. ఫెస్టస్, మూడేళ్లు.

అరవై ఒకటిలో హొనోరా వయసు ముప్పై తొమ్మిది.
డెబ్బై ఒకటిలో నలభై ఆరు.
నవ్వొచ్చింది నాకు.
చదవలేదు, రాయలేదు అని గళ్లలో రెండు గీతలున్నాయి సరే,
లెక్క రాక మాత్రం కాదు;
లెక్కలడిగేవాడికి ఎంత చెప్పాలో తెలిసిన మనిషి.
అంత చలిలో, అంత ఆకలిలో
తనకు తాను కొనిపెట్టుకున్న ఒకే ఒక్క వస్తువేమో,
ఆ కొన్నేళ్లు.

ఫెస్టస్ కూడా ఉన్నాడు, అరవై ఒకటిలో. వయసు ఆరు.
తొమ్మిదేళ్లలో మూడేళ్లే పెరిగాడు!
తల్లి పోలికే అనుకుని, నవ్వుతూనే పేజీ తిప్పాను.

ఇంటికొచ్చి, గడపలో మంచుబూట్లు విప్పుతుంటే తట్టింది.
ఒక కాలికి బూటు అలాగే ఉంది.
వీడు వాడు కాడు.

అప్పటికింకా ఈ సీమలో చావులు రాసే చట్టం రాలేదు.
మా ఒడ్డు చర్చి పుస్తకం చర్చితో పాటే కాలిపోయింది.
ఏ జ్వరమో, ఏ వాగో, ఏ రాత్రో,
అడగడానికి ఒక్క గడి కూడా లేదు.
పోయిన పిల్లవాడి పేరు
పుట్టిన పిల్లవాడికి తొడిగారు,
చొక్కా వృథా చేయని ఇళ్లలో చేసినట్టే.
"ఫెస్టస్!" అని పొలంలోకి కేకవేసినప్పుడల్లా
ఆమెకు ఎంతమంది పలికేవారో.

ఆ రెండో ఫెస్టస్ మా ముత్తాతకి తండ్రి.
అంటే నేను, ఆ చొక్కా వైపు మనిషిని.

డెబ్బై తొమ్మిది, మార్చి. మరణాల రిజిస్టరు.
హొనోరా. ఊపిరితిత్తుల వాపు, తొమ్మిది రోజులు.
కబురు తెచ్చినవారు: కొడుకు.
అప్పటిదాకా మావాళ్లందరిదీ గుణకారం గుర్తే.
ఇక్కడ మొదటిసారి సంతకం.
పలకని అక్షరాలతో సహా అన్నీ రాశాడు,
గుమాస్తా చెవి మీద ఇక నమ్మకం లేనట్టు
కలం కాగితంలో దిగబడేలా.

మృతురాలి వయసు దగ్గర
యాభై నాలుగు అని ఉంది.
నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. అరవై ఒకటి ఉండాలి.
వాడికి నిజంగా తెలియదేమో.
తెలిసే, కౌంటరు దగ్గర టోపీ చేత్తో పట్టుకుని,
అమ్మ చెప్పిన అంకె మీదే నిలబడ్డాడేమో.

మా పినతండ్రి కూతురు డీర్డ్రె
ఆవిడకి రాయి వేయిద్దామంటోంది.
చెక్కేవాడు పుట్టిన సంవత్సరం అడుగుతున్నాడట.
రెండుసార్లు ఫోను చేసింది.
నేనింకా చెప్పలేదు.