మిగిలిన బోల్టు

జూన్. వైట్‌హార్స్‌లో రాత్రి పదకొండు దాటినా
రెంచికి నీడ పడేంత వెలుగు.
ట్రక్కు వీపున చిన్న గదిని ఎక్కించి
మూడు రోజులుగా బిగిస్తూనే ఉన్నాను.

ఇరవై ఆరేళ్ళు ఈ ఊరి పియానోలన్నీ శ్రుతి చేసినవాణ్ణి.
బిగింపు ఎంతన్నది నా చేతికన్నా ముందు చెవికి తెలుసు.
నాలుగు మూలల నాలుగు గొలుసుల్నీ మీటి చూశాను.
మూడు ఒక్కలాగే పలికాయి,
డ్రైవరు వెనకది మాత్రం కాస్త కిందికి.
దానికింకో అర మర.

ఇనూవిక్‌లో ఒక హాలు, హాల్లో ఒక పియానో.
పదకొండేళ్ళుగా దాన్నెవరూ ముట్టుకోలేదట,
పిల్లలు తప్ప.
ఉత్తరం రాసిన టీచరమ్మ చివర్లో చేర్చింది:
"రోడ్డు బాగానే ఉంటుంది, ఉన్నచోట."

పక్కింటి వెర్నా కాఫీ కప్పుతో వచ్చింది.
ముప్ఫై ఒక్క ఏళ్ళు డెంప్‌స్టర్ మీద గ్రేడర్ నడిపిన మనిషి.
పలకరింపు లేదు. టైరుని బూటుతో ఒక్కటి తన్నింది.
"గాలి ఎక్కువైంది.
ఆ దారిలో రాయి రాయిలా ఉండదు, కత్తిలా ఉంటుంది.
మా ముత్తవ్వకి దొరికుంటే కారిబూ తోలు ఒలిచేది.
బిర్రుగా ఉన్నదాన్నే కోస్తుంది అది.
మెత్తగా పో."

అదనపు చక్రం ఉందన్నాను.
"ఒకటి రోడ్డుకి. రెండోది?"
రెండోదెందుకు?
"నీ నిద్రకి."

అరలన్నీ తెరిచింది, కస్టమ్స్ ఆఫీసరులా.
ఇదేంటి? పింగాణీ పళ్ళాలు. ఆరు.
"ఓగిల్వీ కొండలు దాటేసరికి నలభై అవుతాయి."
గుడ్లని ఓట్స్ డబ్బాలో పాతిపెట్టింది.
గాజుసీసాలకి నా ఉన్ని మేజోళ్ళు తొడిగింది.
నీళ్ళ ట్యాంకు సగమే ఉందని విని
"నిండా నింపు, లేదా ఖాళీ చెయ్,
సగం కుండ ఊరికే ఉండదు" అంది.

దుమ్ము రాకుండా సందుసందుకీ టేపు వేశానని
కొంచెం గర్వంగానే చూపించాను.
నవ్వలేదు, అదే మర్యాద.
"దుమ్ముకి తాళంచెవి అక్కర్లేదయ్యా.
కప్పుమీది మూత ముందుకి తెరిచి పో.
గాలితో నిండిన ఇంట్లో దానికి చోటుండదు."

తరవాత ఆ రోడ్డు గురించి మాట్లాడింది,
విడాకులిచ్చిన మొగుడి గురించి మాట్లాడినట్టు:
"ముప్ఫై ఒక్క ఏళ్ళు దాన్ని ఇస్త్రీ చేశాను.
సోమవారం నున్నగా తోస్తే
గురువారానికి మళ్ళీ రేకు మడతలు.
వానొస్తే సబ్బు, ఎండితే సిమెంటు.
బండి కిందంటిన బురద ఆ రాత్రికా రాత్రే గీకెయ్,
పొద్దుటికది బండిలో భాగమైపోతుంది.
పీల్ నది దగ్గర బల్లకట్టు వాడితో వాదించకు.
అవతల ఫోర్ట్ మెక్‌ఫెర్సన్‌లో ఆకుపచ్చ తలుపు మా చెల్లెలిది.
ఎండు చేప పెడుతుంది. కాదనకు."

అంతా అయ్యాక నేల ఊడుస్తుంటే
చీపురుకి తగిలిందొక బోల్టు.
కొత్తది కాదు, తుప్పూ లేదు.
ఇద్దరం బండి కింద వెల్లకిలా పడుకుని
ఒక్కో కన్నమూ వేలితో తడిమాం.
ఖాళీ ఎక్కడా లేదు.
గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నాను.
నా చెవి మొదటిసారి నాకేమీ చెప్పలేదు.

వెర్నా దాన్ని నా చొక్కా జేబులో వేసింది.
"ఎక్కడిదో రోడ్డే చెబుతుంది.
చెప్పేదాకా ఊరుకోదు కూడా."
పింగాణీ పళ్ళాలు చంకన పెట్టుకుని
కంచె దాటి వెళ్ళిపోయింది.

నేను వంగి టైరు మూత తీశాను.
గాలి సన్నగా మొదలై, లావై, పోతూ పోతూ
ఏ మెట్టు మీదా నిలబడలేదు.
జేబులో శ్రుతిదండానికి బోల్టు తగిలి
రెండూ మోగాయి,
కాస్త తేడాగా.